పుణ్యం పాదిరిది, పుండు మనోడిది

ఏటా జనవరి 30న, గాంధీగారి వర్ధంతి నాడు, కుష్టు వచ్చినవాళ్ల మీద వివక్ష చూపబోమని గ్రామసభల్లో ప్రతిజ్ఞ చేయిస్తారు. చేయి చాపి గట్టిగా చెప్పినవాళ్లే, ఆ జబ్బు వచ్చి నయమైన మనిషి టీ బంకు బల్ల మీద కూర్చుంటే లేచి అవతలికి పోతారు. ఇదేందయ్యా అంటే, "వాళ్లని చూసుకోడానికి మిషనోళ్లు ఉన్నారుగా" అంటారు. ఒళ్లు మండేది ఈ మాటకే.

ఉన్నారు, కాదనను. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు పాదిరి జార్జి కెర్, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్టు ఆసుపత్రి పెట్టారు. అప్పటికి సరైన మందే లేదు. ఉన్నదల్లా చాల్‌మోగ్రా నూనె. చిక్కటి ఆ నూనెను సూదితో ఎక్కిస్తుంటే రోగి పళ్లు బిగబట్టాల్సిందే. ఇంటివాళ్లు తాకని ఒంటిని పట్టుకుని ఆ సూది వేసింది ఎక్కడో స్కాట్లండ్‌లో పుట్టిన మనిషి. మనవాళ్లలో రాజా నర్సాగౌడ్ డబ్బిచ్చి ఆదుకున్నారు. మిగతావాళ్లం దణ్ణం పెట్టి, మహానుభావులని పొగిడి, పక్కకు తప్పుకున్నాం. ఆ తప్పుకోవడం ఇంకా ఆగలేదు.

కెర్ దంపతులకు లేని మందు మనకుంది. బిళ్లల అట్టలు ఉచితం. ఆరు నెలలు, ముదిరితే ఏడాది. వాడటం మొదలైన కొద్ది రోజులకే అంటించే గుణం పోతుంది. ఇంత తెలిసీ, బిచ్చమెత్తే కుష్టు రోగిని పట్టుకుపోయి బంధించమనే 1898 నాటి చట్టాన్ని 2016 దాకా మోశాం. కుష్టు ఉందని విడాకులు కోరే వీలు 2019 దాకా ఉంచాం. రోగులు పదివేలమందికి ఒకరికన్నా తగ్గారని 2005లో చంకలు గుద్దుకున్నాం. ఆ తర్వాత కూడా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశానివే.

మందు క్రిమిని చంపుతుంది గానీ, చచ్చిన నరానికి ప్రాణం పోయదు. మా ముండ్లమూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర స్పర్శ పోయిన చేత్తో పనిచేసేవాడికి కాలే గొట్టం తగిలినా తెలియదు. కమురు వాసన వచ్చి పక్కవాడు అరవాలి. సర్కారు తుమ్మ ముల్లు అరికాల్లో విరిగినా నడుస్తూనే ఉంటాడు. చెప్పు తడిగా ఉందేమిటని సాయంత్రం చూసుకుంటే నెత్తురు. ఇంటికెళ్తే కంచం వేరే, మంచం వసారాలో.

అతనికి కావలసింది ఎంత? మెత్తటి రబ్బరు చెప్పుల జత. రోజూ పాదాలు నానబెట్టి నూనె రాయడం. పడుకునేముందు ఎవరో ఒకరు ఆ అరికాలు పట్టి చూడటం. దీనిక్కూడా సముద్రాలు దాటి పాదిరి దిగాలా? కన్నకొడుకు చూడకూడదా? చెప్పుల కోసం సర్కారు ఆసుపత్రి చుట్టూ తిరిగితే "ఇండెంటు పెట్టాం" అని పంపేస్తారు. ఎండాకాలం పోయి వానలు పడతాయి. పుండు ఎముక దాకా దిగిందయ్యా, మీ ఇండెంటు ఎంతదాకా వచ్చింది?