జాన్ ఎక్కడుంది మామూ?

మూడు ఇత్వార్లు మా భాంజా మా ఇంటికి రాలేదు. తప్పు నాదే. ఒక ఖాయిదాకు నేను చెప్పిన మతలబు వల్ల, వాడు ఆరు నెలలు ప్రేమగా పెంచుకున్న పాత్ర ఒక్క లమ్హాలో బూడిదైపోయింది.

తెలియని దోస్తుల కోసం చెప్తాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కాగితాలు, పాచికలు, మాటలతో ఆడే ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా అందులో బతుకుతారు. మా ఇంట్లో నడిపేది నేను. తకరారు వస్తే ఫైసలా కూడా నాదే.

భాంజా పాత్ర ఒక డ్రూయిడ్. జంతువుగా మారే జాదూ దాని సొత్తు. ఆ రోజు ఎలుగుబంటిగా ఉన్నాడు. 2014 పుస్తకాల ప్రకారం ఆ ఎలుగుకు 34 హిట్ పాయింట్లు, అంటే అంత జాన్. అది అయిపోతే డ్రూయిడ్ మళ్లీ మనిషవుతాడు, మిగిలిన దెబ్బ మనిషికి తగులుతుంది. దుష్మన్ జాదూగర్ డిసింటిగ్రేట్ మంత్రం వేశాడు. దెబ్బ 70. ఎలుగుకు 34 పోగా మనిషికి 36. వాడికున్నవి 60, ఇంకా 24 మిగలాలి. కానీ నా పాత పుస్తకంలో ఆ మంత్రం గురించి ఉన్నదాని సారం ఇది: ఈ దెబ్బతో సున్నాకు చేరినవాడు బూడిద. ఎలుగు సున్నాకు చేరింది కదా, బూడిదే అన్నాను.

"జాన్ నాది కదా మామూ, ఎలుగుది కాదు కదా?"

"లఫ్జ్ అట్లనే ఉంది బేటా."

పాచికలు సంచీలో వేసుకుని ఖామోష్‌గా వెళ్లిపోయాడు.

తర్వాత వెతికితే తెలిసింది. ఆట రాసినవాళ్లే మొదట్లో నాలాగే అర్థం చెప్పారు. 2018లో ఆ మంత్రం మాటలనే సరిచేశారు. మనిషి రూపానికి వచ్చాక కూడా సున్నాయే మిగిలితేనే బూడిద. పిల్లోడు అడిగిన సవాలే సహీ.

మా అమ్మీ బాలనాగమ్మ కథ చెప్పేది. ఫకీరును విలన్ చేశారని ఆమెకు కాస్త నారాజ్, కథ మాత్రం మజాగా చెప్పేది. మాయల ఫకీరు జాన్ చిలుకలో ఉంటుంది. అది తెలిస్తేనే కథ అర్థమవుతుంది. రూపం మారే ఖాయిదాలన్నిటికీ అదే సవాల్ వేయాలని నా రాయ్: ఏం మారింది, ఏం మిగిలింది, జాన్ ఎక్కడుంది? 2014 పుస్తకంలో వైల్డ్ షేప్‌తో మారిన డ్రూయిడ్‌కు ఒళ్లు జంతువుది, అఖల్ తనదే. పాలీమార్ఫ్ మంత్రంలో అఖల్ కూడా జంతువుదే అవుతుంది, స్వభావం మాత్రం మిగులుతుంది. ఈ ఫరక్ చూడకుండా రెండిటికీ ఒకే ఫైసలా ఇస్తే నాఇన్సాఫీ.

అట్లని అడిగిందల్లా ఇవ్వమనను. 2014 పుస్తకం ప్రకారం డ్రూయిడ్ ముందు చూసిన జంతువుగానే మారాలి. నెహ్రూ జూపార్కులో సింహాన్ని చూసింది నువ్వు బాబూ, నీ డ్రూయిడ్ కాదు. పాలీమార్ఫ్‌తో కోతి అయినవాడు కోట ముట్టడికి నక్షా గీస్తానంటే కూడా కుదరదు. లఫ్జ్‌ను లాగి ఫాయిదా తీసుకోవడం, లఫ్జ్ పట్టుకుని జాన్ తీయడం రెండూ ఒకటే. రెండిట్లో ఖాయిదా ఎందుకు పెట్టారన్నది మర్చిపోతున్నాం.

"లఫ్జ్ వదిలితే అందరికీ ఒకే ఖాయిదా ఎట్లా?" అంటారు కొందరు దోస్తులు. వాజిబ్ మాటే. అందుకే రూపం మార్చే పాత్ర ఉంటే ఈ సంగతులు మొదటి రోజే మాట్లాడి రాసిపెట్టుకోవాలి. ఆట మధ్యలో షక్ వస్తే, పోయింది తిరిగి రానప్పుడు, షక్ ఆడేవాడి వైపే పోవాలి. 24 పాయింట్లతో వాణ్ని నిలబెట్టి ఉంటే నా కథకు పోయేదేం లేదు.

2024 పుస్తకంలో వైల్డ్ షేప్‌నే మార్చేశారు. ఇప్పుడు డ్రూయిడ్ హిట్ పాయింట్లు డ్రూయిడ్‌వే, జంతువు రూపంలో పైన కొన్ని తాత్కాలికంగా కలుస్తాయి అంతే. జాన్ మళ్లీ మనిషిలోకి వచ్చింది.

నాలుగో ఇత్వార్ నేనే ఆపా ఇంటికి పోయి వాడికి మాఫీ చెప్పాను. "ఆ దెబ్బ దగ్గర్నుంచే మళ్లీ ఆడదాం, 24 రాసుకో" అన్నాను. వాడు పెన్సిల్ తీసుకున్నాడు. "ఈసారి ఖాయిదాలు ముందు నేను చదువుతా మామూ" అన్నాడు.