పైపూతకూ మోతాదుంది

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పికీ ఒళ్లు నొప్పులకీ బామ్ రాసుకోవడం తెలుగువారికి అంత పాత అలవాటు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక పూట కూలి పోతుందనుకునే వారికి చవకలో దొరికే ఉపశమనం అది. ఆ చనువుతోనే కాబోలు, మాత్రకైతే ‘రోజుకెన్ని?’ అని అడిగే మనం పైపూతకు లెక్క అడగం. మోకాళ్లు పట్టేసిన పెద్దావిడ రెండువేళ్ల నిండా తీసి మర్దన చేసుకుంటుంది. పైన గుడ్డ బిగించి కడుతుంది. దానిమీద వేడినీళ్ల సంచితో కాపడం పెడుతుంది. రాత్రి మళ్లీ అదే వరస.

అమెరికాలో 2007లో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌కు చెందిన 17 ఏళ్ల పరుగు పందేల క్రీడాకారిణి చనిపోయింది. కండరాల నొప్పులకు ఆమె అతిగా వాడిన పైపూత మందుల్లోని మిథైల్ శాలిసిలేట్ ఒంట్లో విషస్థాయికి చేరిందని శవపరీక్షలో తేలింది. అవన్నీ చీటీ లేకుండా దొరికే మందులే. ఇలాంటి మరణాలు చాలా అరుదు కనుక బెంబేలెత్తనక్కర్లేదు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు.

మిథైల్ శాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆయుర్వేద బామ్‌ల లేబుళ్ల మీద కనిపించే గంధపుర తైలంలో ప్రధానంగా ఉండేదీ ఇదే. చర్మంలోంచి ఇది రక్తంలో కలుస్తుంది. వేడి తగిలినా, కట్టు బిగించినా, చర్మం చెక్కుకుపోయినా మరింత ఇంకుతుంది. మోతాదు మించితే వికారం, చెవుల్లో హోరు, ఆయాసం మొదలవుతాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారికి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. శుద్ధమైన ఈ తైలం ఒక టీస్పూను అంటే 20కి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. పసిపిల్లలు తాగితే ప్రాణాపాయమే. చాలా బామ్‌లలో ఉండే కర్పూరం కడుపులోకి వెళ్తే పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

కాబట్టి సీసా మీద రాసినన్ని సార్లే, పలచగా రాసుకుందాం. రాసిన చోట కట్టూ కాపడం వద్దు. ఒకేసారి రెండు మూడు రకాలు కలపొద్దు. వాడాక చేతులు కడుక్కుని, సీసాను పిల్లలకు అందనంత ఎత్తున పెడదాం. వారం దాటినా తగ్గని నొప్పిని డాక్టరుకు చూపించుకోవాలి.