నిషేధ మెవరి రక్షణకు?

ఒక గ్రంథమును నిషేధింపవలెనని కోరువారెవరును, దానిని జదివి తాము చెడిపోతిమని చెప్పగా మేము వినలేదు. తాము చదివిరి, తమకేమియు గాలేదు, చెడిపోవువారు వేఱొకరు. ఆ వేఱొకరు సాధారణముగా స్త్రీలు, బాలురు, కూలినాలి చేసికొని బ్రదుకువారు. 1868లో ఇంగ్లండున హిక్లిన్ వ్యాజ్యెమునం దేర్పడిన సూత్రమునకును ఇదియే మూలము: దుర్బోధలకు లోబడు మనస్సుగలవారి చేత బడినచో పుస్తక మేమి చేయునో యని న్యాయాధిపతి యోచింపవలెనట. 1960లో లారెన్సు నవలపై లండనులో విచారణ జరిగినప్పుడు, మీ భార్యలును సేవకులును దీనిని జదువుట మీకు సమ్మతమా యని ప్రభుత్వ న్యాయవాది జూరీవారి నడిగెను. ఆ జూరీలో ముగ్గురు స్త్రీలుండిరి! నవల నిర్దోషమని జూరీ తీర్పు చెప్పినది. మన సుప్రీముకోర్టు మాత్రము 1964లో అదే నవల విషయమున హిక్లిన్ సూత్రమునే పట్టుకొని, యమ్మినవానిని దోషిగా నిలిపెను. ఆ సూత్రమును విడుచుటకు 2014 రావలసివచ్చెను.

ఇది పరుల కథయని నవ్వుకొందమా? మన యింటి సంగతి యింతకంటె నధ్వాన్నము. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమందలి ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. తాను పెంచిన యిళను కృష్ణునకు స్వయముగా నప్పగించి, పిదప విరహమున గుమిలిపోయిన రాధ కథ యది. ఆమె కోపమును, చిన్నబోవుటను, తిరిగి చేరదీయుటను ఆడుదాని కంటితో జూచి చెప్పిన కావ్యము. 1887లో ముద్రించినవారు కవయిత్రి తన్ను గూర్చియు తన వంశమును గూర్చియు జెప్పుకొన్న భాగమునే తీసివేసిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు తాళపత్రప్రతిని సంపాదించి 1910లో వావిళ్లవారిచే సమగ్రముగా నచ్చొత్తించిరి. వేశ్య వ్రాసినదానిని మఱియొక వేశ్య పరిష్కరించినదని పత్రికలో నెత్తిపొడుపు వచ్చెను. 1911లో పోలీసులు ప్రతులను పట్టుకొనిరి. కొందఱు పండితులు విన్నపము పంపిరి గాని, ఫలింపలేదు.

ఇచ్చట మేము చెప్పవలసినది సంస్కారప్రియులకు కటువుగా నుండవచ్చును. ఈ కావ్యమును స్త్రీలు వినదగనిదని మొదట దూషించినది పరప్రభుత్వము కాదు, వీరేశలింగం పంతులుగారు. వితంతువులకు వివాహములు చేసి, బాలికలకు బడులు పెట్టి, తెలుగు స్త్రీకి నోరిచ్చిన మహనీయుడే, నోరున్న యొక స్త్రీ కవిత్వము చెప్పగా చెవులు మూసికొనెను. వారి యుపకారమును మఱచుట కృతఘ్నత; ఈ మాటను దాచుట యంతకంటె మంచిది కాదు. సిగ్గను నది స్త్రీలకే గాని పురుషులకు లేదా యని నాగరత్నమ్మగారు ప్రశ్నించిరి. పంతులుగారు తామే పరిశీలించి ప్రకటింపదగునన్న వైజయంతీవిలాసమును చూపిరి. దానికి తగిన సమాధానమును మేమింతవఱకు జూడలేదు.

శృంగారమే దోషమైనచో కాళిదాసు నేమి చేయుదుము? కుమారసంభవమున నష్టమసర్గకు మల్లినాథుడు జంకులేక వ్యాఖ్య వ్రాసెను. జయదేవుని యష్టపదులు దేవుని యెదుట పాడుచున్నారు. దేవాలయ శిల్పములు మనవారికి సంకటము కలిగించునని కాబోలు, అశ్లీలతను శిక్షించు చట్టమే వానికి మినహాయింపు నిచ్చినది! రాతికి గల యీ మన్నన తాటియాకున కేల లేకపోయెను? రాతిని చెక్కినవాని కులమును ఎవరును అడుగరు. వ్రాసినది వేశ్య యనియే తాటియాకుపై నేరము మోపిరని మా నిశ్చయము.

అట్లయిన బాలుర కన్నియు జదువ నిత్తురా యని యడుగుదురు. మేము బడిపంతులము, ఏ వయస్సున నేది చెప్పవలెనో యెంచుట మా నిత్యకృత్యము. పదవ తరగతి పిల్లలకు నష్టమసర్గ చెప్పము. అందుకై కాళిదాసును పోలీసుల కప్పగింపము. పాఠము నేర్పఱచుట యొకటి, ప్రతులను జప్తుచేయుట వేఱొకటి. ఈ రెంటిని కలిపి మాటలాడువారు పిల్లల పేరు చెప్పి పెద్దల నోరు కట్టుచున్నారు. స్త్రీల గౌరవము పేరు చెప్పి నేడును పుస్తకములను చలనచిత్రములను మాన్పింపుడని మంత్రులకు విజ్ఞప్తులు పంపు సంఘములవారు, ముద్దుపళని గౌరవ మెంత రక్షింపబడెనో యొకసారి విచారింతురు గాక.

ఉన్నవవారి మాలపల్లిపై నిషేధమును 1937లో కాంగ్రెసు మంత్రివర్గము తొలగించెను. జనులు సంతోషించిరి, మేమును సంతోషింపదగినదే యందుము. అది రాజకీయముచే బుట్టిన నిషేధము, దానికై కొట్లాడువారు పెక్కుమంది. ఆ మంత్రివర్గము రెండేండ్లకు పైగా నధికారమున నుండియు రాధికాసాంత్వనము జోలికి పోలేదు. దానికి విముక్తి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వమువలన గాని కలుగలేదు. వావిళ్లవారు దానిని మరల నచ్చొత్తించినది 1952లో. నాగరత్నమ్మగారు ఆ యేటనే కీర్తిశేషులైరి.