జీర్ణ రథోద్ధరణ

తెలుగు పాఠాలు చెప్పుకొనే అధ్యాపకుడికి మోటారు కార్లతో ఏమి పని అని మన విద్యార్థులు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. ప్రాచీన గ్రంథాన్ని పరిష్కరించే పండితుడికీ, డెబ్బై ఏళ్ళనాటి కారును బాగుచేసే మిస్త్రీకీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏది మూలం, ఏది ప్రక్షిప్తం? తాళపత్రంలో పురుగు తిన్నచోట మరొక ప్రతిలోని పాఠం తెచ్చి పూరించవచ్చునా, ఊహించి పూరించవచ్చునా, లేక చుక్కలు పెట్టి వదిలివేయవలెనా? చుక్కలున్నా పద్యం చదువుకోవచ్చు. చుక్కలు పెట్టిన కారు మాత్రం నడువదు. కనుక మిస్త్రీ పని పండితుడి పనికంటె ఒక మెట్టు కష్టమైనదే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పంతొమ్మిదవ శతాబ్దిలో పండితులను జీతాలిచ్చి పెట్టుకొని, మన కావ్యాల వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆనాడు ఆంగ్లేయుడు మన పుస్తకాలను బాగుచేయించాడు. ఈనాడు ఆంగ్లేయుల బండ్లను మనవారు బాగుచేస్తున్నారు. ఋణం కొంత తీరుతున్నదని సరదాగా అనుకోవచ్చు.

ఈ విషయం ఎత్తగానే అందరికీ గుర్తుకు వచ్చేది నిజాముల రోల్స్ రాయిస్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరు ఇచ్చి, 1911 ఆగస్టులో కన్నుమూశాడు. బండి ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు చేరింది. సిల్వర్ ఘోస్ట్ అనే ఆ రకం 1906 నుండి 1926 వరకు ఏడు వేలకు పైగా తయారైనది. అయితే కంపెనీ అమ్మేది చట్రాన్నీ ఇంజనునూ మాత్రమే. పైన తొడిగే శరీరాన్ని వేరొకరు కట్టవలసిందే. మన నిజాం బండికి ఆ పని చేసినది లండనులోని బార్కర్ కంపెనీ. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తయిన ఆసనం అమర్చిన ఆ పసుపుపచ్చని బండిని, 2005లో ప్రజల సందర్శనకు తెరిచిన చౌమహల్లా పాలెస్‌లో విద్యార్థులు చూసే ఉంటారు. ఇంజనులో ఒక భాగం పాడైతే, ఏడు వేల ప్రతులలో ఎక్కడో ఒకచోట దానికి జోడు దొరుకుతుంది. సింహాసనం చెడిపోతే దానికి రెండవ ప్రతి లేదు. గ్రంథపరిష్కర్తకు ఏకైక ప్రతి దొరికినప్పుడు ఎంత భయం కలుగుతుందో అక్కడ పనిచేసే వారికీ అంతే భయం కలుగవలెను.

రోల్స్ రాయిస్ దుకాణంలో అవమానం జరిగినందుకు ఆ కార్లను కొని చెత్త ఎత్తించిన రాజుగారి కథ కూడా మనవారికి మహా ప్రీతి. ఆ కథను అల్వరుకూ, భరత్‌పూరుకూ, పటియాలాకూ, హైదరాబాదుకూ సమానంగానే అంటగట్టారు. ఇన్ని ఊళ్ళలో జరిగిన కథ ఏ ఊళ్ళోనూ జరగలేదనుకోవడమే క్షేమం.

అయితే పాలెస్ బండి మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలవారికి చూడదగినదే గాని మనది కాదు. మన జనం ఎక్కి తిరిగిన బ్రిటిష్ బండ్లు వేరు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభించినప్పుడు తెప్పించినవి స్కాట్లండులోని అల్బియన్ కంపెనీ బండ్లు. మన ఆర్టీసీకి అవే పూర్వులు. ఆ తరువాత మన ఊళ్ళ డాక్టర్లూ, వకీళ్ళూ, కలెక్టర్లూ, పెండ్లికొడుకులూ ఎక్కినది అంబాసిడర్. (అడవిదారుల జీపు అమెరికా సంతతి కనుక దానిని ఇక్కడ చేర్చడం లేదు.)

అంబాసిడర్‌ను పూర్తిగా స్వదేశీ అనుకునే పిల్లలున్నారు. అది మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు మన దేశంలో పుట్టిన రూపం. హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1957లో మొదలుపెట్టి 2014 వరకు తయారుచేశారు. అంతకుముందు వచ్చిన ల్యాండ్‌మాస్టర్ అదే ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961లో తెచ్చిన హెరాల్డ్, బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్ చెల్లెలు. అంబాసిడర్ చాలాకాలం మోసిన 1489 సీసీ ఇంజను, బ్రిటన్‌లో ఎంజీఏ అనే సొగసైన పరుగు కారులోనూ ఉన్నది. మన తాలూకా ఆఫీసు ముందు నిలబడ్డ తెల్ల బండికీ, ఆ విలాసపు కారుకూ గుండెకాయ ఒకే వంశానిది.

ఈ చుట్టరికం వల్లనే విడిభాగాల సమస్య చిత్రమైన రూపం దాల్చింది. పాత మారిస్ ఆక్స్‌ఫర్డ్ ఉన్నవారికి బ్రిటన్‌లో దొరకని భాగం ఇండియాలోని అంబాసిడర్‌లో దొరకవచ్చు. అలా దొరికినదానిని మూలమనవలెనా, ప్రక్షిప్తమనవలెనా? నా మటుకు నేను దానిని పాఠాంతరమంటాను. మాతృక ఒక్కటే, లేఖకుడు మాత్రమే వేరు. కాని పెట్రోలు బండిలోని ఇంజను తీసివేసి డీజిలు ఇంజను పెట్టడం మాత్రం శుద్ధ ప్రక్షిప్తం. కిరాయి బండ్లవారు బ్రతుకుతెరువు కోసం ఆ పని చేశారు, వారిని తప్పుపట్టను. తరువాత దానిని కొని, పైన క్రోమియం పూత పూయించి, అసలు సిసలు పాతబండి అని ఊరేగించేవారితోనే నాకు పేచీ.

విడిభాగాలు వెదకడం వేట వంటిది. మన జిల్లాలవారు సికింద్రాబాద్ రాణీగంజ్ వీధులు తిరుగుతారు, జుమ్మేరాత్ బజారులో తుక్కు కుప్పలు కెలుకుతారు. అక్కడ దొరకకపోతే మద్రాసు పుదుపేట, బొంబాయి కుర్లా, ఢిల్లీ మాయాపురి. దొరికిన వస్తువు సరియైనదేనని గుర్తుపట్టడం దొరకడంకంటె కష్టం. యుద్ధానికి పూర్వపు బ్రిటిష్ బండ్ల మరచుట్లు విట్‌వర్త్ పద్ధతివి. చుట్టు అంచుల మధ్య కోణం 55 డిగ్రీలు. 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా ఏకమై 60 డిగ్రీల కోణం ఒప్పుకున్నాయి. నేడు మన బజారులో దొరికేది మెట్రిక్. మూడింటి బోల్టులూ చూడడానికి అన్నదమ్ములే. తెలియనివాడు బలవంతంగా బిగిస్తే వందేళ్ళ ఇనుములోని చుట్లు ఒక్క నిమిషంలో చెరిగిపోతాయి. విద్యుత్తు సంగతీ అంతే. 1960ల నడిమి వరకు వచ్చిన అనేక బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధనధ్రువాన్ని చట్రానికి కలుపుతారు. నేటి అలవాటు దానికి వ్యతిరేకం. దీనికి తోడు 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిసింది. పాత రబ్బరు గొట్టాలనూ, బెండు సీళ్ళనూ అది కొరుక్కు తింటుంది. ఇక్కడ మూలరూపమే కావాలని పట్టుబట్టి పాతరకం రబ్బరే వేయిస్తే బండి దారిలో అంటుకొన్నా ఆశ్చర్యం లేదు. కంటికి కనిపించని గొట్టాలలో, బ్రేకు రబ్బర్లలో, టైర్లలో కొత్తదనానికి చోటివ్వడమే వివేకం.

చట్రం సంఖ్య, ఇంజను సంఖ్య మాత్రం వేరు. అవి గ్రంథం చివరి గద్య వంటివి. కవి పేరు, తండ్రి పేరు, ఊరు పేరు అక్కడే దొరుకుతాయి. ఇంగ్లండులో గేడన్ అనే చోట ఉన్న మ్యూజియం వారు మారిస్, ఆస్టిన్, ఎంజీ వంటి కార్ల ఫ్యాక్టరీ చిట్టాలను భద్రపరిచి, సంఖ్య పంపినవారికి అది ఏ రంగుతో, ఏ తేదీన ఫ్యాక్టరీ గడప దాటినదో ధ్రువపత్రం ఇస్తారు. మన దేశంలో కార్ల సంగతి అటుంచి, మనుషుల చిట్టాలే చెదలపాలవుతున్నాయి.

ఇక దొరకని భాగాలను చేయించుకోవడం. ఈ విషయంలో మన ఉత్తర తెలంగాణకు ఎవరూ తలవని సంపద ఉన్నది. ఆదిలాబాద్ ఓజాలు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. దీపపు చట్టమైనా, తలుపు పిడి అయినా ఒక్కటే కావలసినప్పుడు దానికి ఫ్యాక్టరీ అచ్చు ఎవరు చేయిస్తారు? మైనం అచ్చు పనికి ఒక్కటైనా ఒక్కటే, నూరైనా నూరే. కరీంనగర్ వెండి తీగపనివారి చేతిలో, చూపులో ఉన్న సూక్ష్మత గడియారం వంటి మీటర్లను విప్పి బాగుచేయడానికి తగినది. నిర్మల్ చిత్రకారుల సంగతి మరీ విశేషం. వారు కొయ్య మీద వాడుతున్న డ్యూకో రంగు 1920లలో అమెరికాలో కార్ల కోసమే పుట్టినది. కారు రంగు నిర్మల్ బొమ్మకు వచ్చింది. నిర్మల్ చేయి కారు దగ్గరకు పోవడానికి అడ్డేమిటి?

అడ్డు మూలరూపవాదుల నుండే వస్తుంది. బర్మింగ్‌హామ్‌లో పోసినదైతేనే అసలుదని, ఆదిలాబాద్‌లో పోసినది నకిలీ అని వారి వాదం. వారి భయంలో కొంత న్యాయమున్నది. నకిలీని అసలని అమ్మేవారు లేకపోలేదు. దానికి విరుగుడు మన పరిష్కర్తలు ఎప్పుడో కనిపెట్టారు: తాము పూరించిన పాఠాన్ని కుండలీకరణాలలో ఉంచుతారు. కొత్తగా పోసిన భాగం లోపలివైపు చేసిన ఏడాదీ, చేసినవారి గుర్తూ చెక్కితే చాలు. అప్పుడది మోసం కాదు, వ్యాఖ్యానం.

ప్రభుత్వం 2021 జూలైలో పాతబండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి, చట్రం, శరీరం, ఇంజను పెద్దగా మార్చని బండికి 20,000 రూపాయల రుసుముతో పదేళ్ళ రిజిస్ట్రేషన్. కొత్తగా నమోదయ్యేవాటికి వీఏ అనే అక్షరాలు. ఇదివరకే నమోదై ఉన్నవాటికి పాత సంఖ్యే. దినదిన వాడకానికీ, వ్యాపారానికీ పనికిరాదు. మంచి నిబంధనలే. కాని యాభై ఏళ్ళు నిండేదాకా బండిని బ్రతికించేది ఎవరు? 2022 ఏప్రిల్ నుండి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 నుండి 5,000 రూపాయలకు పెరిగింది. 2023 ఏప్రిల్ నుండి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు పొడిగింపే లేదు; తుక్కు చేయవలసిందే. పొగ తగ్గాలనే ఉద్దేశాన్ని కాదనను. జిల్లాకొక అంబాసిడర్‌నైనా నడపకుండా, చూపించడానికి నిలిపి ఉంచితే ఏ గాలి చెడిపోయేది? ముప్ఫై ఏళ్ళకే కరిగించివేస్తే యాభై ఏళ్ళ గౌరవం ఎవరికి దక్కుతుంది?

బండికంటె ముందు పోయేవాడు ఉస్తాద్. మన కరీంనగర్‌లో ఎస్‌యూ కార్బురేటరు శబ్దం విని సూది ఎంత దిగవలెనో చెప్పగల పెద్దలు వ్రేళ్ళమీద లెక్కించదగినంత మందే మిగిలారు. వారి షాగిర్దులు కంప్యూటరు తగిలించి లోపం చదివే బండ్లకు అలవాటుపడ్డారు. అది వారి తప్పు కాదు, కూలి అక్కడే ఉన్నది. అయితే ఆ ఉస్తాదుల బిడ్డలు మన కళాశాల బెంచీల మీదనే కూర్చుని ఉన్నారన్నది కమిటీవారు గమనించవలెను.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదకోశం వెలువడినప్పుడు, రైతు నోటి మాటను పండితులు తొలిసారి శాస్త్రీయంగా ఏరి పెట్టారు. ఆ పద్ధతి మోటారు షెడ్డుకు పనికివస్తుంది. పానా, పేచ్‌కస్, కమాన్ వంటి మాటలు ఉర్దూ నుండి వచ్చి తెలుగు మిస్త్రీ నోట స్థిరపడినవే. వాటిని ఏరడానికి రెండు భాషలూ ఉన్న మన కళాశాలకంటె తగిన చోటు ఏది? కమిటీవారు ఒక టేప్ రికార్డరు, కొద్దిపాటి బస్సుచార్జీలు మంజూరు చేస్తే, ఈ వేసవిలో తెలుగు శాఖ నుండి ఇద్దరు, ఉర్దూ శాఖ నుండి ఇద్దరు విద్యార్థులను కరీంనగర్, నిర్మల్, ఆదిలాబాద్ షెడ్లకు పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఒక్కొక్క పనిముట్టు పేరు, దానితో చేసే పని, అది సరిపోయే బండి పేరు వ్రాసుకొని రావడమే వారి పని.