గండికోటలో ఒక రాత్రి ఉండండి

ఇంగ్లండు వచ్చిన కొత్తలో మనవాళ్లకు సెలవంటే టవర్ బ్రిడ్జి, మేడమ్ టుస్సాడ్స్. ఇప్పుడు ఆ దశ దాటాం. కాట్స్‌వోల్డ్స్‌లో ఏ పల్లెలో టీ బాగుంటుందో, లేక్ డిస్ట్రిక్ట్‌లో చిన్నపిల్లలతో ఏ కొండ ఎక్కొచ్చో, కార్న్‌వాల్‌లో కాటేజీ ఎన్ని నెలల ముందు పట్టుకోవాలో మన వాట్సాప్ గ్రూపులో అడిగితే నిమిషంలో పది జవాబులు వస్తాయి. వానలో తడిసి, బురదలో జారి, గొర్రెల మధ్య నడిచొచ్చి బాగుందంటాం. నిజంగానే బాగుంటుంది. అదే ఇండియా ప్రయాణమైతే హైదరాబాదులో బంధువుల ఇళ్లు, తిరుపతి దర్శనం, బట్టల షాపులు, పంటి డాక్టరు, మళ్లీ విమానం. కర్నూలు, కడప ఈ దారిలోనే ఉన్నా, కారు ఆగేది భోజనానికే.

రాయలసీమలో చూడ్డానికేముంది, రాళ్లు తప్ప అనేవాళ్లలో సీమలో పుట్టినవాళ్లూ తక్కువేం లేరు. మిగతావాళ్లకు సినిమాలు నేర్పాయి: సుమోలు, వేటకొడవళ్లు, కొండారెడ్డి బురుజు దగ్గర ఫైటు. ఆ బురుజున్న కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అన్న సంగతి ఏ హీరో చెప్పాడు గనక!

రాళ్లన్నారు కాబట్టి వాటితోనే మొదలుపెడదాం. జమ్మలమడుగు దాటి గండికోటకు వెళ్తే, ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ కాళ్ల ముందు ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. పుస్తకాలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఎర్రటి బండలు, అడుగున నది. దాన్ని ‘ఇండియన్ గ్రాండ్ కాన్యన్’ అని ప్రచారం చేస్తున్నారు. ఆ అరువు పేరు మాకు నచ్చదు. అరిజోనా లోయ అంచున పెమ్మసాని నాయకుల కోట లేదు, ఆ కోటలో మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, పెద్ద ధాన్యాగారం లేవు, వాటి మధ్య ఇప్పటికీ పొయ్యి వెలిగించుకుంటున్న ఊరూ లేదు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాక, 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికే వచ్చి ఆయన్ను కలిశాడు. చెప్పులు లేకుండా కూర్చున్న మీర్ జుమ్లా కాలివేళ్ల మధ్య కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల మధ్య కొన్ని కాగితాలు ఇరికించుకుని ఒక్కొక్కటే లాగి జవాబులు చెప్పించాడని రాసుకున్నాడు. ఈ కథ కోటలోనే కూర్చోబెట్టి చెబితే మీ పిల్లలు ఇంకో గంట ఫోనడగరు. ఒక హెచ్చరిక: లోయ అంచున కంచె ఉందనుకోవద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.

అక్కడి నుంచి కొలిమిగుండ్ల వైపు వెళ్తే దారి పొడవునా నాపరాళ్ల గనులు, అమ్మకానికి నిలబెట్టిన బండలు. మీ అమ్మగారి వంటగట్టు మీద పరిచిన నల్లబండ ఈ చుట్టుపక్కల నుంచే వచ్చి ఉంటుంది. అదే సున్నపురాయిని నీళ్లు లోపల్లోపల తొలిచేస్తే బెలుం గుహలయ్యాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో దాదాపు కిలోమీటరున్నర మనం నడవొచ్చు. లోపల చల్లగా ఉంటుందనుకుని వెళ్తే పొరపాటు, చెమటతో తడిసిపోతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు గుహల అడుగునున్న పాతాళగంగ దాకా దిగకపోయినా నష్టం లేదు. గుహలు ఊరివాళ్లకు ఎప్పుడూ తెలిసినవే. వాటిని 1884లో లోకానికి తెలిపినవాడు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన పుట్టింది చెల్తెన్‌హామ్‌లో, అంటే మనం కాట్స్‌వోల్డ్స్‌కు పోతూ కాఫీకి ఆగే ఊళ్లో. ప్రవేశ మార్గం, దీపాలు, గాలి గొట్టాలు అమర్చి జనాన్ని లోపలికి పంపడానికి మాత్రం 2002 దాకా పట్టింది.

ఫుట్ బెలుం చూసిన ఆ 1884లోనే లండన్‌లో తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ కన్నుమూశాడు. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది, మనలో చాలామందికి ట్యూబ్ దూరం. కడపలో ఆయన సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించిన బంగళా చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం నడుస్తోంది. రెండు చోట్లా లండన్ తెలుగువాడు అడుగుపెట్టగలిగినంత సులువుగా ఇంకెవరు పెట్టగలరు? కడపలోనే పెద్ద దర్గాకు హిందువులు, ఉగాది నాడు దేవుని కడప వెంకన్న దగ్గరకు ముస్లింలు వెళ్తారు.

ఇంకో సంగతి చెప్పక ఉండలేం. ఇంగ్లండులో నారోబోటు అద్దెకు తీసుకుని కాలువల మీద వారం తిరిగి వచ్చేవాళ్లు మన సంఘంలో ఉన్నారు. కర్నూలు-కడప కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ సాగునీటితో పాటు పడవలకు కూడా పనికొచ్చేలా తవ్వించింది. లెక్క తప్పి కంపెనీ చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఇప్పుడు పడవలు లేవు గానీ గట్టు వెంబడి పొద్దున్నే నడవడానికి అడ్డేముంది?

ఎప్పుడు వెళ్లాలన్నది తేల్చుకోవాలి. క్రిస్మస్ సెలవులే సరైనవి, మధ్యాహ్నం కూడా కోటలో తిరగొచ్చు. ఈస్టర్ సెలవులు శ్రీరామనవమికి దగ్గర పడిన ఏడాది ఒంటిమిట్టకు వెళ్లండి, అక్కడ రాములవారి కల్యాణం రాత్రి పూట, వెన్నెల్లో. మే నెలాఖరు హాఫ్ టర్మ్‌లో బనగానపల్లె మామిడి దొరుకుతుంది, ఎండ కూడా దొరుకుతుంది. జులై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లు సంగమేశ్వరం గుడిని మరిచిపోవచ్చు. శ్రీశైలం జలాశయం నిండితే ఆ గుడి నీళ్లకింద ఉంటుంది, వేసవిలోనే బయటపడుతుంది. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం నేల చూస్తూ నడిచే జనాన్ని చూడాలంటే జూన్‌లో ఉండాలి, మన బడులు ఒప్పుకోవు.

తిండి సంగతి క్లుప్తంగా: పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, లేదా కడప కారం దోశ. మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి. రాయచోటి వైపు పోతే గువ్వలచెరువు ఘాట్‌లో పాలకోవా కొనకుండా ముందుకు పోవద్దు.

ఇంత ఉన్నా జనం ఎందుకు ఉండిపోరు? ఇంగ్లండులో పల్లె అందంగా ఉన్నంత మాత్రాన అక్కడ రాత్రి గడపం. గది శుభ్రంగా ఉంటుంది, మరుగుదొడ్డి పనిచేస్తుంది, నడకదారికి బాణం గుర్తుంటుంది, పొద్దున్నే ఎవరో గుడ్డు వేసి పెడతారు. ఆ పెట్టేది చాలాచోట్ల రైతు ఇల్లే. 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చి కాలిబాటలు మూసేసినప్పుడు, కంబ్రియా లాంటి చోట్ల సందర్శకుల రాబడి ఎంత ముఖ్యమో అందరికీ అర్థమైంది. వాన మొహం చాటేస్తే చెనిక్కాయ పంట పోయే సీమ రైతుకు అలాంటి రెండో రాబడి ఇంకా అవసరం. గండికోటలో ప్రభుత్వ హరిత హోటలుంది, లోయ దగ్గర గుడారాలూ వేస్తున్నారు. ఊరివాళ్ల ఇళ్లలో గదులు మాత్రం అడిగేవాళ్లుంటేనే పుడతాయి. కారులో వచ్చి సెల్ఫీ తీసుకుని గంటలో వెళ్లిపోయేవాడి వల్ల ఊరికి మిగిలేది పార్కింగ్ రుసుము, ఖాళీ నీళ్ల సీసా. రాత్రి ఉండేవాడు రెండు పూటలు తింటాడు, పాలు కొంటాడు, కోట చూపించమని ఊరి కుర్రాణ్ణి పిలుస్తాడు, డబ్బిస్తాడు.

అందుకే ఈసారి తిరుపతి టికెట్లు బుక్ చేసేటప్పుడు మధ్యలో రెండు రాత్రులు తీసిపెట్టండి, ఒకటి గండికోటకు, ఒకటి కడపకు. వెళ్లొచ్చినవాళ్లు వచ్చే సంచికకు రాసి పంపండి. గుడి వర్ణనలు మా దగ్గర బోలెడున్నాయి, సూర్యాస్తమయాలు అంతకంటే ఎక్కువున్నాయి. గది అద్దె ఎంత, వేడినీళ్లు వచ్చాయా, సంగటి ఎవరింట్లో తిన్నారు, ఆడవాళ్లకు దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడ దొరికింది, ఇవి రాయండి. ఒక పేజీ వాటికే ఖాళీగా ఉంచుతున్నాం.