పొరుగు దేశాలు ఏటా కూర్చుని మాట్లాడుకోవాలి

గట్టు తగాదాలో మాటలు మానేసిన ఇద్దరు రైతులూ కోర్టు ఖర్చులకే పంట అమ్ముకుంటారు. దేశాల సంగతీ అంతే.

1985లో ఢాకాలో పుట్టిన సార్క్ నియమావళి ప్రకారం దేశాధినేతలు ఏటా కలవాలి. 2014లో కాఠ్మండులో కలిశాక మళ్లీ శిఖరాగ్ర సభే లేదు. 2016 ఇస్లామాబాద్ సభ ఉరీ దాడి తర్వాత ఆగిపోయింది.

నష్టం ఎవరికి? గుంటూరు మిర్చి బంగ్లాదేశ్, శ్రీలంకలకు వెళ్తుంది. అక్కడ ఆర్డర్లు తగ్గితే ఇక్కడ యార్డులో ధర పడిపోతుంది.

ఉగ్రవాదాన్ని నిలదీయాల్సిందే. నిలదీయాలన్నా ఎదురుగా కూర్చోవాలి కదా! 2007 ఢిల్లీ సభలో కూర్చున్నారు కాబట్టే సార్క్ ఆహార బ్యాంకు ఒప్పందం కుదిరింది.

అయితే రైతు సంఘాలను అడగకుండా దిగుమతి సుంకాలు తగ్గించే సంతకాలు మాత్రం వద్దు. సభలు ఏటా జరగాలి, వాటిలో పంటల మాట ముందుండాలి. మండల సభల్లో ఈ తీర్మానం చేసి ఎంపీలకు పంపుదాం.