నేల చదువు నేల దున్నేవారి బిడ్డలకు అందాలి

పదో తరగతి పరీక్షలు ముగిసీ ముగియకముందే తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల ఊళ్లలో కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్లు అడిగేది ఒక్కటే: పిల్లలను ఎంపీసీలో వేస్తారా, బైపీసీలో వేస్తారా? ఎంపీసీ అంటే ఇంజనీరు, బైపీసీ అంటే డాక్టరు. మూడో మాట ఎవరూ ఎత్తరు. సార్వాకు ఏ రకం వేయాలో పదిమందిని అడిగి, పక్క ఊరి చేను చూసొచ్చి మరీ తేల్చుకునే మనం, బిడ్డ చదువు విషయంలో మాత్రం అరుగు మీద పావుగంటలో సంతకం పెట్టేస్తున్నాం.

ఆ మూడో మాటే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది. నేల, నీరు, అడవి, సముద్రం, పంట గురించిన చదువులు చాలా ఉన్నాయి. అవి అందరికంటే ఎక్కువ అవసరమైనది మనకే. వాటికి దారి ఇంటర్‌కు ముందే మొదలవుతుందన్న సంగతి తెలియక మన పిల్లలు వెనకబడుతున్నారు.

మన డెల్టాలోని చిక్కులు చూడండి. కాలువ చివరి భూములకు నీరు సమయానికి అందదు. రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పు నీరు పైకి తన్నుకొస్తోంది. వరి చేను పక్కనే రొయ్యల చెరువు తవ్వితే గట్టు అవతలి రైతు నేల చవుడు బారుతోంది. పల్లాకు తెగులు, బంగారు తీగ దెబ్బకు వరి కోసిన మాగాణిలో మినుము వదిలి మొక్కజొన్నకు మారినవాళ్లం ఎందరమో ఉన్నాం. తుఫాను పోటును తట్టుకునే మడ అడవులు తీరంలో ఎంత మిగిలితే మనకంత రక్షణ. ఇవన్నీ శాస్త్రం తేల్చాల్సిన విషయాలు. తేల్చేచోట కూర్చునే మనిషికి కాలువ చివరి పొలం ఎలా ఉంటుందో తెలిసుండాలా, వద్దా?

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. దేశమంతా తింటున్న సాంబా మసూరి 1986లో విడుదలైంది. దాని అసలు పేరు బీపీటీ 5204లోనే బాపట్ల ఉంది. ఉప్పు నేలలు, ఉప్పు నీటి వాడకంపై పరిశోధన చేసే కేంద్రమూ బాపట్లలోనే ఉంది. తీరంలోని ఇసుక నేలల్లో రైతులు తరతరాలుగా తవ్వుకున్న దొరువులను మెరుగుపరచి, ఉప్పు నీరు కలవకుండా పైనున్న మంచినీటిని తోడే పద్ధతిపై అక్కడే పనిచేశారు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఏ రైతు నాయకుడి పేరు పెట్టారో ఆ ఎన్జీ రంగా పుట్టిన నిడుబ్రోలు, తెనాలికీ బాపట్లకూ నడుమనే ఉంది. ఇంత దగ్గరున్న చదువు మన ఇళ్లకు ఇంత దూరం ఎందుకైంది?

ఇంటర్‌లో ఏం చూడాలి

బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్ కోర్సులకు బైపీసీ చదివి ఈఏపీసెట్ రాయాలి. నీరు, కాలువలు, యంత్రాల మీద ఆసక్తి ఉంటే వ్యవసాయ ఇంజనీరింగ్ ఉంది, బాపట్లలోనే. దానికి ఎంపీసీ కావాలి. అంటే 15 ఏళ్ల వయసులో పెట్టే ఒక్క టిక్కుతో సగం దారులు మూసుకుపోతాయి. 2025-26 నుంచి లెక్కలు, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీని ఇంటర్ బోర్డు తెచ్చింది. ఇంకా ఏదీ తేల్చుకోని పిల్లలకు ఇది మేలు. మన దగ్గరి కాలేజీలో ఉందో లేదో అడగండి. దేశవ్యాప్త కోటా సీట్లకు సీయూఈటీ అనే వేరే పరీక్ష ఉందని కూడా మన పల్లెల్లో చాలామందికి తెలియదు. ఇంటర్ ఖర్చు భరించలేని ఇళ్లకు మరో మార్గం ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ చదివి, అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరవచ్చు.

సీటు రాకపోతే ప్రైవేటు సంస్థల ప్రకటనలు చూసి లక్షలు పోయొద్దు. ముందుగా అడగాల్సిన ప్రశ్న: ఆ కోర్సుకు ఐకార్ గుర్తింపు ఉందా? అది లేకపోతే పై చదువుల దగ్గరా ఉద్యోగాల దగ్గరా చిక్కులొస్తాయి.

డిగ్రీ మొదటి ఏడాది

తెనాలి, రేపల్లె, బాపట్ల డిగ్రీ కాలేజీల్లో చేరే పిల్లలు అగ్రికల్చర్ సీటు రాలేదని కుంగిపోనక్కర్లేదు. కానీ మొదటి ఏడాది నుంచే లెక్క చూసుకోవాలి. 2023-24లో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్ వచ్చింది. ఏది మేజర్, ఏది మైనర్ అన్నది ఇప్పుడు బతుకు ప్రశ్న. ఒక ఉదాహరణ చెబుతాను. అటవీ శాఖలో పెద్ద ఉద్యోగం ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. ఆ పరీక్ష రాయాలంటే డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, భూగర్భశాస్త్రం, పశుపోషణ - పశువైద్యం లాంటి సబ్జెక్టుల్లో ఒకటైనా ఉండాలి. లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ అయినా ఉండాలి. ఆ జాబితాలో పర్యావరణశాస్త్రం పేరు లేదు! పేరు చూసి మురిసిపోయి ఆ ఒక్క సబ్జెక్టే పట్టుకుంటే అసలు చోట తలుపు తెరుచుకోదు. అందుకే డిగ్రీలో వృక్షశాస్త్రమో రసాయనశాస్త్రమో గట్టిగా చదివి, పర్యావరణశాస్త్రాన్ని పీజీలో తీసుకోవడం క్షేమం. ఆ పీజీ మన నాగార్జున విశ్వవిద్యాలయంలోనే ఉంది.

ఇంకో మాట. డిగ్రీ మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. చాలాచోట్ల అది జిరాక్స్ షాపులో దొరికే పుస్తకంగా మారింది. రైతు బిడ్డలు ఆ పని చేయకూడదు. సొంత ఊళ్లో పది పొలాల మట్టి పరీక్షలు చేయించి ఉప్పు శాతం రాసినా, బోరు నీళ్ల రుచి ఎండాకాలంలో ఎలా మారుతోందో నెలనెలా లెక్క కట్టినా, ఏ తూము కింద నీరు ఎన్ని రోజులు ఆలస్యమైందో నమోదు చేసినా అది నిజమైన చదువు. రేపు కాలువ నీటి కోసం అధికారుల ముందు కూర్చున్నప్పుడు మన సంఘానికి ఆ కాగితాలే సాక్ష్యం.

ఇలా చదివితే ఉద్యోగాలొస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులుగా చేరింది బీఎస్సీ అగ్రికల్చర్, వ్యవసాయ ఇంజనీరింగ్, వ్యవసాయ డిప్లొమా చదివినవాళ్లే. కానీ పోస్టులు ఏటా పడవు. ఖాళీలు నింపమని అడగాల్సింది నిరుద్యోగులు మాత్రమే కాదు, రైతు సంఘాలు కూడా. సలహా చెప్పే మనిషి లేకపోతే నష్టపోయేది మన చేనే.

రైతుల కోటాలో కౌలు రైతు ఎక్కడ?

అగ్రికల్చర్ సీట్లలో రైతుల కోటా ఉంది. ఇన్నేళ్లుగా దానికి ఉన్న షరతులు రెండు. తల్లిదండ్రుల పేర ఎకరానికి తగ్గకుండా భూమి ఉండాలి. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా కనీసం 4 ఏళ్లు మున్సిపాలిటీ కాని ప్రాంతంలో చదివి ఉండాలి. (ఏటా నోటిఫికేషన్‌లో షరతులు మళ్లీ సరిచూసుకోండి.) తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూ మున్సిపాలిటీలే. ఒకటో తరగతి నుంచే పిల్లలను ఆటో ఎక్కించి పట్నం స్కూలుకు పంపే రైతు, పొలం ఉండి కూడా ఆ కోటాను చేజేతులా వదులుకుంటున్నాడు. ఊరి బడిలో చదివిన ఏళ్ల స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్త చేసుకోండి.

అంతకంటే పెద్ద అన్యాయం మొదటి షరతులో ఉంది. మన డెల్టాలో చేను దున్నేవారిలో కౌలు రైతులే ఎక్కువ. పెట్టుబడి వారిది, అప్పు వారిది, తుఫానుకు పడిపోయిన చేను వారిది. పాసు పుస్తకం మాత్రం మరొకరిది. కాబట్టి పదెకరాలు కౌలుకు చేసే మనిషి బిడ్డ, ఈ కోటా దృష్టిలో రైతు బిడ్డ కాదు! 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి కౌలు రైతుకు కార్డు ఇస్తామన్నారు. యజమాని సంతకం పెడితేనే ఆ కార్డు. అది ఎంతమందికి దక్కిందో మనకు తెలిసిందే. దక్కినవారికైనా చదువులో దాని విలువ సున్నా.

అందుకే మన సంఘం అడగాల్సినవి ఇవి. సాగుదారు హక్కు పత్రం ఉన్న కౌలు రైతుల పిల్లలను రైతుల కోటాలో చేర్చాలి. కార్డు లేనివారికి ఈ-క్రాప్ నమోదునైనా ఆధారంగా తీసుకోవాలి. భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకూ ఆ కోటాలో చోటివ్వాలి. రేపల్లె, తెనాలి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఎంబైపీసీ నడపాలి, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపడం మానాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేయగలిగింది కూడా ఉంది. ప్రతి మండల కమిటీ ఏప్రిల్‌లో ఒక పూట కేటాయించి, పదో తరగతి పిల్లలను, తల్లిదండ్రులను కూర్చోబెట్టాలి. బాపట్లలో చదువుతున్న మన ఊరి పిల్లలనే పిలిచి వారితో చెప్పించాలి. పీఆర్వో గుమ్మం ఎక్కేలోపు మన మాట ఆ ఇంటికి చేరాలి.